బాయిలరు మీద బొట్టు

ఒర్లియంపేట, పుదుచ్చేరి
జూలై 27

ప్రేమమయి చిన్నమ్మాయి అత్తకు,

నీ మెస్సులో ఆఖరి బంతి లేచి, నువ్వు గల్లాపెట్టె దగ్గర కాళ్ళు చాపుకున్నాక ఈ ఉత్తరం విప్పు. ముందే విప్పితే పులుసు మాడుతుంది, ఆ పాపం నాకొద్దు. ఫోను చేద్దామంటే నీ చెవిమిషను ఈల వేస్తుంది, నువ్వు విసుక్కుని దాన్ని పోపులడబ్బాలో పడేస్తావు. అందుకే కాగితం మీద కూర్చున్నాను. పక్కన నిర్మల తొంగిచూసి, "ఏంది ఇది, అంతా జిలేబీలు చుట్టినట్టుండాది" అంటోంది. వాళ్ళింట్లో తాతల కాలం నుంచి తెలుగే మాట్లాడతారు గానీ ఒక్కరికీ చదవడం రాదు. కాబట్టి దాని గురించి ఏం రాసినా భయం లేదు.

ముందు నీకు చెప్పాల్సింది చెప్పేస్తాను, లేకపోతే కబుర్లలో పడి మరిచిపోతాను. అత్తా, నువ్వు నాకు చేసినంత మా అమ్మ బతికుంటే కూడా చేసి ఉండేది కాదేమో. హైదరాబాదు నుంచి నన్ను తీసుకొచ్చావు, యానాంలో మేడ మీద గది ఇచ్చావు, నేను గోడకేసి చూస్తూ కూర్చుంటే ఉల్లిపాయల బుట్ట ముందు పెట్టి తరగమన్నావు. కాలేజీ స్నేహితురాలు నిర్మల కాఫీ కొట్టు పెడదాం రమ్మంటోందని నేను నసుగుతూ చెబితే, "సంచీ సర్దుకో" అన్నావు. నీకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. మన ఇళ్ళలో అలా చెబితే ఏదో పరాయితనంలా ఉంటుంది కదా. అయినా ఇదిగో, చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. నిర్మల వాళ్ళ ముందుగదిలో కొట్టుకి అంతా సిద్ధం. సున్నం కొట్టించాం, బల్లలు వచ్చాయి. ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలాంటి అరవ నెలలో, ఇక్కడ ఎవరూ ఏదీ మొదలుపెట్టరు కాబట్టి ఆ తర్వాత వచ్చే ఆవణి మొదటి శుక్రవారానికి ముహూర్తం పెట్టారు నిర్మల వాళ్ళమ్మ. కొట్టుకి ప్రాణం ఎస్ప్రెసో మిషను. నువ్వు చూసి ఉండవు. హార్మోనియం పెట్టెలు రెండు కలిపినంత ఉంటుంది. లోపల రాగి బాయిలరులో నీళ్ళు కాగుతాయి. ముందువైపు రెండు చోట్ల కాఫీ దిగుతుంది, పక్కనున్న సన్నగొట్టంలోంచి వచ్చే ఆవిరితో పాలు నురగ కడతాం. నటేశన్ నగర్‌లో ఉదయకుమార్ అని ఒకాయన పాతవి బాగుచేసి అమ్ముతాడు. ఒక మిషను చూపించి, "2017 మోడలమ్మా. ఇటలీలో ఓడెక్కింది, చెన్నైలో దిగింది, నేరుగా నా షెడ్డుకొచ్చింది. ఈ దేశంలో నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు" అన్నాడు. వెనకాల ప్లేటు మీద 2017 అని ఉంది. ఎర్రరంగు నిగనిగలాడుతోంది. హైదరాబాదులో ఇలాంటి మిషన్లు బాగుచేసే కంపెనీలో ఏళ్ళతరబడి పనిచేసిన దాన్ని కదా, అటూ ఇటూ తిరిగి చూసి, పెద్ద తెలిసినదానిలా తలూపాను. నిర్మల నా మాట మీదే సరేనంది.

మొన్న నడిపి చూస్తే ఆవిరి నీరసంగా వచ్చింది. ఎక్కడ అడ్డుపడిందో చూద్దామని పక్కరేకు విప్పాను. ఓరి దేవుడోయ్! బాయిలరు ముందు బిళ్ళ మీద గంధం, కుంకుమ. ఒక ఏడాదిది కాదు. పొర మీద పొర, వేడికి మాడి మాడి అప్పచ్చిలా గట్టిపడిపోయి, మధ్యలో ఎర్రటి బొట్టు. ఇటలీ వాళ్ళు ఆయుధపూజ ఎప్పటినుంచి చేస్తున్నారత్తా?

నిర్మల దాన్ని చూడగానే అలవాటుగా చేతులు జోడించింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మిగతా రేకులు కూడా విప్పి వరసగా చూశాను. తీగలకు బట్టలాంటి పాతకాలపు తొడుగు. నీళ్ళు తోడే మోటారు మీద 2008. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు మీద మాత్రం 2017. ఆ బోర్డు ఎప్పుడో మార్చినట్టున్నారు, మనవాడు దాని మీది సంవత్సరాన్నే మొత్తం మిషనుకు అంటగట్టాడు. ఆ ప్లేటు కొన పట్టి లాగితే ఊడొచ్చింది. దాని కింద అసలు ఇత్తడి ప్లేటు ఉంది గానీ అద్దంలా నున్నగా ఉంది. అంకెలు లేవు, పేరు లేదు, ఇటలీ అన్న మాట మాత్రం చివర్లో లీలగా కనిపిస్తోంది. ఇంకా మిగిలింది ఒకటే ఆధారం. ఇలాంటి బాయిలర్లను పరీక్ష చేసినప్పుడు ముందు బిళ్ళ మీద సంవత్సరం పొడిచి ముద్ర వేస్తారు. అది కచ్చితంగా ఆ బొట్టు కిందే ఉండాలి.

తడిగుడ్డ తీసుకున్నాను. నిర్మల నా చెయ్యి పట్టేసుకుంది. "వద్దు లాస్యా. ఎవురో తల్లి పెట్టిన బొట్టు. మనం తుడవగూడదు. అందులోనూ ఆడి నెల" అంది. దాన్ని తిడదామనుకున్నాను గానీ, నా చెయ్యి కూడా ముందుకు పోలేదు. ఎంత చదివినా ఎన్ని మిషన్లు విప్పినా, పెట్టి ఉన్న బొట్టు చెరపడమంటే మనకి చెయ్యి ఆడదు. రేకు మూసేశాను.

నిర్మల మంచిదే. "పోనీలే, కాఫీ తాగేవాళ్ళు రేకు విప్పి చూస్తారా?" అంటోంది. నాకది కాదు బాధ. ఎదురుగా పెట్టుకుని, చేత్తో తడిమి, నాకు బాగా తెలిసిన విద్యలోనే నేను మోసపోయాను. ఒకసారి మనిషి విషయంలో అయింది. కట్టుకున్నవాడితో పడలేదని మాత్రమే నీకు చెప్పాను. ఎందుకు పడలేదో రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. కానీ ఈ రెండోసారితో నాకు ఒకటి తెలిసిపోయింది. నా కళ్ళు పనికిరావు. ఇలాంటి కళ్ళు పెట్టుకుని నిర్మలని కూడా ముంచలేను. మిషను ఉదయకుమార్‌కి తిప్పి పంపేసి, కొట్టు మానుకుని యానాం వచ్చేస్తాను. మెస్సులో ఉల్లిపాయలు తరుగుతాను, వాటితో మోసం ఉండదు. మేడ మీద గది ఇంకా ఖాళీగానే ఉందా?

నీ మేనకోడలు,
లాస్య


యానాం
ఆగస్టు 4

ఒసేయ్ లాసూ,

నీ ఉత్తరం చెప్పిన టైముకే విప్పాను. పులుసు మాడలేదు గానీ నా మనసు మాడింది.

గది ఖాళీగానే ఉంది. నువ్వు రేపొచ్చినా పక్క వేసి ఉంటుంది. అలసిపోతే రావే తల్లీ, నీ ఇల్లు కాదూ? భయపడి మాత్రం రాకు. భయపడి వచ్చినదానివి నువ్వు గదిలోంచి కిందకి దిగవు, నాకు తెలుసు. ఒకసారి చూశానుగా.

నాకు మిషన్ల సంగతి తెలీదు. వంట మనిషిని. కానీ నీ ఉత్తరం చదివితే ఒక్క మాట తోచింది. నువ్వు ఎంతసేపూ ఆ అమ్మినవాడి గురించే రాశావు. ఆ బొట్టు పెట్టిన మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు. ఏడాదికోసారి రేకు విప్పి, లోపలెక్కడో ఎవరికీ కనపడని చోట గంధం పూసి బొట్టు పెట్టిందంటే ఆ మనిషి దాన్ని ఎంత బాగా చూసుకుని ఉంటుందే! అలాంటి చేతుల్లోంచి వచ్చిన సామాను పాడుదవుతుందా? నేనైతే కొత్తదానికంటే దాన్నే నమ్ముతాను.

ఆ ఉదయకుమార్ని ఊరికే వదలకు. గట్టిగా నిలదీసి, ఎవరింటినుంచి తెచ్చాడో కక్కించు. ఆ మనిషి దగ్గరికి వెళ్ళు. దాని వయసెంతో నేరుగా అడుగు. తుడవొచ్చో తుడవకూడదో కూడా ఆమెనే అడుగు. ఆ తర్వాత కూడా వచ్చేయాలనిపిస్తే రా, నేనేమీ అనను.

థాంక్సు గీంక్సు అని రాశావేమిటే? పెద్ద ఆఫీసరైపోయినట్టు. ఇంకోసారి రాస్తే ఊరుకోను. ఆ కాగితం మాత్రం మడిచి దేవుడి గూట్లో పెట్టాను.

నీ అత్త,
చిన్నమ్మాయి


ఒర్లియంపేట, పుదుచ్చేరి
ఆగస్టు 19

నన్ను తిట్టి బాగుచేసే అత్తకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈసారి ఉత్తరం పెద్దది. మజ్జిగ పక్కన పెట్టుకో.

ఉదయకుమార్ ముందు బుకాయించాడు. పక్కరేకు విప్పి తీసిన ఫోటో మొహం ముందు పెట్టేసరికి బుర్ర గోక్కున్నాడు. "ఇటలీదే కదమ్మా, నేనేం అబద్ధం చెప్పాను? మధ్యలో కొంచెం ఇక్కడ ఉంది, అంతే" అన్నాడు. ఎంత నిబ్బరం చూడు! చివరికి బయటపెట్టాడు. వీరాంపట్టినంలో లోగనాయకి అని ఒక పెద్దావిడ ఇంట్లోంచి తెచ్చాడట. భర్త ధనపాల్‌తో కలిసి ఆ దారిలోనే కాఫీ కొట్టు నడిపేదట. ఆయన పోయాక కొట్టు మూసేసింది.

ఆడి శుక్రవారం జాతర రోజుల్లో వెళ్ళాను. బస్సు నిండా వేపాకులు, పాలకుండలు, జనం. చెమటకు తడిసి, కోపం తలకెక్కి, ఆవిడ గుమ్మంలో నిలబడ్డాను. నా లెక్క ఏమిటంటే, మిషను వయసెంతో ఆవిడ నోటివెంట చెప్పించుకుని, ఆ మాట తీసుకెళ్ళి ఉదయకుమార్ మొహాన కొట్టి, మిషను వాడికి అప్పగించి, మర్నాడే యానాం బస్సెక్కేయాలి. ఆవిడ నుదుట విబూది, చేతిలో చేపలబుట్ట. అరవంలో తడబడుతూ మొదలుపెట్టాను. ఆవిడ నవ్వేసింది.

"ఏంది పాపా, తెలుగా? యాడనుంచి వస్తివి?"

యానాం అన్నాను. "అబ్బ, మాట ఎంత సొగసుగా ఉండాది! మా తెలుగు అంతా అరవం కలిసిపోయినాది. కూసో, నీళ్ళు తాగు" అంది. నీళ్ళు తాగాను. తాగాక మిషను సంగతి ఎత్తాను. ఆవిడ మొహం ఒక్కసారి వాడిపోయింది.

"దాని పేరు ఎత్తొద్దు పాపా. రాగి కరిగించేస్తా అని ఉదయన్ ఎత్తుకొనిపోయినాడు. పనికి రాదు, పగలగొట్టాల అన్నాడు. నేను వాకిట్లో నిలబడి ఏడస్తిని."

అప్పుడర్థమైంది అత్తా, ఆ మహానుభావుడి వ్యాపారం. ఈవిడ దగ్గర అది పాతసామాను, నా దగ్గర అది ఇటలీ నుంచి నిన్న దిగింది. ఇద్దరి చెవుల్లోనూ పువ్వులు పెట్టాడు. "పగలగొట్టలేదు పెద్దమ్మా. మా కొట్లో ఉంది. ఎర్రరంగు వేశాడు" అన్నాను. ఆవిడ చేపలబుట్ట కింద పెట్టేసి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. వెళ్ళింది దెబ్బలాటకు. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత కథంతా చెప్పింది. పుదుచ్చేరి ఊళ్ళో సముద్రం వైపు ఒక ఫ్రెంచి దొరసాని అతిథిగృహం నడిపేదట. ఇటలీనుంచి మిషను తెప్పించుకుంది. ధనపాల్ గారు అక్కడ పనిచేసేవారు. దొరసాని అన్నీ అమ్మేసి దేశం వెళ్ళిపోతూ, నీకు తప్ప ఇది ఇంకెవరి మాటా వినదు అని మిషను ఆయనకే ఇచ్చేసింది. దాంతోనే వీళ్ళు కొట్టు పెట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. ఏ ఏడాదో మాత్రం ఆవిడకు గుర్తులేదు. "పెద్దదానికి పాలు మరిపించినప్పుడు" అంది. ఇంక దాన్నిబట్టి నేనేం తేల్చను?

"మరి ఇత్తడి ప్లేటు మీద రాసి ఉండాలి కదా పెద్దమ్మా, అదంతా నున్నగా పోయిందేం?"

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అది నేనే పాపా. ఆయుధపూజ వస్తే చాలు, చింతపండు ఏసి తళతళా తోమేదాన్ని. ఆయన అరిసేవాడు, ఏయ్ అక్షరాలు పోతాయి అని. అక్షరాలతో మనకేం పని, ఇత్తడి అంటే మెరవాల గదా! ఏండ్లు తోమితే దాని వయసే పోయినాది." అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మన ఇళ్ళల్లో ఇత్తడి అనేసరికి చేతిలోకి చింతపండు దానంతటదే వచ్చేస్తుంది, నువ్వు మాత్రం తక్కువ తిన్నావా?

బొట్టు లోపల ఎందుకు పెట్టారని అడిగాను. "అది ఆయన మాట. పని చేసేదానికి పెట్టాల గానీ సొక్కాకి పెడితే ఏం లాభం అనేవాడు. రేకు ఆయన విప్పేవాడు, బొట్టు నేను పెట్టేదాన్ని" అంది. అప్పుడు నేను, ఆ బొట్టు కిందే తయారైన సంవత్సరం ఉందని, తుడవడానికి మాకు చేతులు రాలేదని చెప్పాను. ఆవిడ లేచి కొప్పు ముడేసుకుంది. "నడు. నేను పెట్టింది నేనే తుడస్తా" అంది.

మా కొట్లో మిషను ముందు నిలబడి ముందు రంగుని తిట్టింది. "ఇదేంది, కొత్త పెండ్లికూతురు మాదిరి!" నేను రేకు విప్పాను. నిర్మల గోరువెచ్చని నీళ్ళు, గుడ్డ తెచ్చింది. లోగనాయకమ్మ ఆ గట్టిపడిన గంధాన్ని నానబెట్టి, నానబెట్టి, పసిపిల్ల మొహం తుడిచినట్టు మెల్లగా తుడిచింది. తుడుస్తూ అంది, "ఆయన పోయినప్పుడు నా బొట్టు వాళ్ళే తుడిచేసినారు పాపా. ఎవురూ నన్ను అడగలేదు. నువ్వు దీనికి కూడా అడిగితివి." అత్తా, నిర్మల మొహం పక్కకి తిప్పేసుకుంది. నేను తల వంచుకుని లైటు పట్టుకున్నాను.

పొరలన్నీ కరిగాక ముద్ర బయటపడింది. నిన్ననే పొడిచినట్టు స్పష్టంగా ఉంది, 1993 అని. గంధం దాన్ని చింతపండు నుంచి కాపాడింది. బాయిలరంతా తట్టి చూశాను. ఒక్క పగులు లేదు, ఒక్క అతుకు లేదు. నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఆవిరి నీరసానికి కారణం కూడా దొరికింది, వాల్వులో సున్నం పేరుకుంది. అది నా పని కాబట్టి నేనే చేసుకున్నాను. అప్పుడొకటి తట్టింది. నా కళ్ళు పనికిరావని నీకు రాశాను కదా. రేకు విప్పి, తీగ చూసి, మోటారు చూసి ఇది పాతదని పట్టుకున్నది ఈ కళ్ళే. ఆలస్యమైంది గానీ పట్టుకున్నాయి.

ఉదయకుమార్ని పిలిపించాం. లోగనాయకమ్మ అరవంలో అందుకున్న తిట్లు రాస్తే పోస్టుమాన్ కూడా ఈ కవరు ముట్టుకోడు. అతను చేతులు కట్టుకుని, "అక్కా, చెప్పింది అబద్ధమే. కానీ కరిగించడానికి నాకే మనసొప్పలేదు, చూడు, బతికించాను కదా" అన్నాడు. దొంగప్లేటు తనే తీసుకుపోయాడు. పాడైన తీగలన్నీ తనే మార్చి ఇస్తానన్నాడు, రెండు రోజులు కూర్చుని మార్చాడు కూడా. అతన్ని క్షమించానో లేదో నాకే తెలీదు. కానీ మిషను పగలగొట్టనందుకు ఋణపడి ఉన్నాను.

మొదటి శుక్రవారం కొట్టు తెరిచాం. లోగనాయకమ్మ ముద్ర పక్కనే, అంకెలు కనపడేట్టుగా కొత్త గంధం పూసింది. బొట్టు పెట్టమని నిర్మల వాళ్ళమ్మ అంటే ఆవిడ వెనక్కి తగ్గింది, నేను పెట్టగూడదు అంది. నిర్మల ఊరుకుంటుందా? "ఇన్నేండ్లు నువ్వే పెడితివి, ఇప్పుడు ఇంకొకరు పెడితే అది మాట వింటాదా?" అని ఆవిడ వేలు పట్టుకుని కుంకుమలో ముంచింది. ఆవిడ పెట్టింది. ఎవరెవరో వచ్చారు, కాఫీలు తాగారు. మిషను ఏనాటిదని అడిగితే తొంభైమూడు అని చెప్పాం. ఒక్కరూ మొహం చిట్లించలేదు.

సాయంత్రం కొట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు నేను పాలు వెచ్చబెడుతున్నాను. ఆవిడ నా కాలిమెట్టెలు చూసి, మామూలుగానే అడిగింది. "నీ మొగుడు యాడ పాపా?"

ఇక్కడ అందరికీ ఓడలో ఉద్యోగమని చెబుతూ వచ్చాను. ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ బయటికి రాలేదు. "అతనికి నాకంటే ముందే పెళ్ళయింది పెద్దమ్మా. బిడ్డ కూడా ఉంది. నాకెవరూ చెప్పలేదు. వాళ్ళింట్లో అందరికీ తెలుసు. ఆ పిల్ల పుట్టినరోజుకి ఫోను వస్తే నేనే తీశాను. అలా తెలిసింది. వచ్చేశాను" అన్నాను. జీవితంలో మొదటిసారి, అత్తా, మొత్తం వాక్యం పైకి అన్నాను. ఇప్పుడు జాలిపడుతుంది, ముక్కు మీద వేలేసుకుంటుంది, ఎలా తెలుసుకోలేకపోయావు అని అడుగుతుంది అనుకున్నాను.

"అట్లనా," అంది. "వచ్చేస్తివి కదా, మంచిపని. పాలు చూడు, పొంగుతా ఉండాయి."

అంతే. ఇన్నేళ్ళూ నేను మోసినది అంతే. పాలు దించి, అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ తన కాఫీ తనే కలుపుకుని, పక్కన కూర్చుని తాగింది.

ఇదే నీకు రాయడానికి చెయ్యి రాని సంగతి. ఇప్పుడు రాసేశాను. హైదరాబాదు బస్టాండులో నేను సంచీతో నిలబడి ఉంటే నువ్వు రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇడ్లీ తినిపించావు. చాలాకాలం నీకు పట్టదేమో అనుకున్నాను. కాదు. అడిగి ఉంటే ఆరోజు నేను విరిగిపోయేదాన్ని, అది నీకు తెలుసు.

గదిలోకి ఎవరినైనా అద్దెకు పెట్టుకో. నేను రావడం లేదు. మెట్టెలు ఈ కవర్లో పెట్టి పంపుతున్నాను. కరిగించి నువ్వేమైనా చేయించుకో. దేవుడి గూట్లో మాత్రం పెట్టకు.

నీ పెంపకం,
లాస్య